ముగ్గు పడని వాకిలి

ఈమధ్య మా అపార్టుమెంటులో పొద్దున్నే ఇళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. ఫోనులో ఒక్కసారి పెట్టేస్తే చాలట, ఇక రోజూ అదే చూసుకుంటుందట. దాన్ని రొటీన్ అంటున్నారు. ఐదున్నరకు గీజరు ఆన్ అవుతుంది. ఆరింటికి పడగ్గదిలో దీపం ముందు మసగ్గా మొదలై మెల్లమెల్లగా నిండు వెలుగుకు వస్తుంది. ఆరుంబావుకు హాల్లో బల్లమీది మాట్లాడే డబ్బా, అదే స్మార్ట్ స్పీకర్, ఇవాళ ఎండ ఎంతో, వాన ఉందో లేదో, హైటెక్ సిటీ దారిలో బళ్ళు ఎక్కడ ఆగిపోయాయో చెప్పి, వార్తలు వినిపించి, ఆనక సుప్రభాతం అందుకుంటుంది. ఇంత తతంగంలో ఒక మనిషి ఇంకో మనిషిని పలకరించాల్సిన పని ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

తెలియక తిడుతున్నాననుకోకండి. మా అబ్బాయి మా ఇంట్లో ఇది పెడుతున్నప్పుడు పక్కనే కూర్చుని అంతా చూశాను, అడిగి తెలుసుకున్నాను. అందులో ఉన్నవి రెండే రెండు సంగతులు. ఏం జరిగితే అది మొదలవ్వాలి, మొదలయ్యాక ఏమేం చెయ్యాలి. మొదలవ్వడానికి గడియారంలో వేళ చెప్పొచ్చు, సూర్యోదయం చెప్పొచ్చు, మనం పలికే ఒక మాట చెప్పొచ్చు. మోగుతున్న అలారాన్ని మనం ఆపినప్పుడు మొదలవ్వమనొచ్చు. గదిలో మనిషి కదలికను పసిగట్టే చిన్న పరికరం ఒకటి గోడకు తగిలించి, అది చెప్పినప్పుడు మొదలవ్వమనొచ్చు. ఇన్ని దారులున్నాయి. నేను చూసిన ఇళ్ళలో మాత్రం అందరూ పెట్టింది గడియారమే. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

చిల్లర తలనొప్పులు చాలానే ఉన్నాయి. 2,000 వాట్ల గీజరు దగ్గరదగ్గర 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెట్టాలి. చవగ్గా వచ్చిందని 6 ఆంపియర్లది తగిలిస్తే కాలి కంపు కొడుతుంది. బల్బుల సంగతి ఇంకోటి. గోడమీద స్విచ్చి కట్టేస్తే ఇక ఆ బల్బు ఎవరి మాటా వినదు, ఎప్పుడూ వేసే ఉంచాలి. గదిలోంచి బయటికొస్తూ స్విచ్చి కట్టెయ్యడం మా నాన్న మొట్టికాయలు వేసి నేర్పిన అలవాటు. ఇన్నేళ్ళొచ్చాక దాన్ని మానుకోమంటే నేను మానను. ఇక అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చిందంటే, ఈ బల్బులు చాలావరకు భగ్గుమని పూర్తి కాంతితో వెలుగుతాయి. తయారుచేసినవాళ్ళే అలా అమర్చి పంపుతారు, యాప్‌లోకి వెళ్ళి మనం మార్చుకోవాలి. ఆ మాట ముందుగా చెప్పేవాడు ఉండడు.

అసలు మన ఇంటి దీపం వెలగాలంటే కబురు ఎక్కడెక్కడికో వెళ్ళిరావాలి. చాలా పరికరాల్లో మన మాట ముందు ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వర్లకు చేరి, అక్కడినుంచి ఆజ్ఞ తిరిగొస్తేనే మన పడగ్గదిలో బల్బు వెలుగుతుంది. 2021 డిసెంబరు 7న అమెరికాలో ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ సర్వర్లు మొరాయించాయి. ఆ రోజు ఎన్నో ఇళ్ళలో మాట్లాడే డబ్బాలు పలకలేదు, ఇల్లు ఊడ్చే మరలు కదల్లేదు, తలుపు గంటల కెమెరాలు ఆగిపోయాయి. ఎక్కడో యంత్రం మూలిగితే ఇంట్లో దీపం వెలగకపోవడమేమిటి?

సరే, ఇవన్నీ సర్దుకుపోదగ్గ బాధలు. నా అసలు కోపం వేరు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను చెప్పేది 1950ల చివర, 60ల మొదట్లో మాట. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా నాయనమ్మ. తొలికోడి కూసిందంటే ఆవిడ మంచం దిగినట్టే. పేడనీళ్ళు కలిపి వాకిట్లో కళ్ళాపి చల్లేది. ఆ నీళ్ళు నేలమీద పడే చప్పుడుకి పక్కింటి పిన్ని లేచేది. పిన్ని నూతిలో చేద వేస్తే గిలక కిర్రుమనేది, ఆ కిర్రుకి వెనకింటి పాలేరు లేచి గేదెల దగ్గరికి వెళ్ళేవాడు. గేదె అరుపుకి ఇంకెవరో. వీధి మొత్తం ఒకరి చప్పుడుకి ఒకరు లేచేవాళ్ళు. అలారం గడియారం కరణంగారింట్లో ఒకటి ఉండేదంటారు గానీ అది మోగగా నేను వినలేదు.

అగ్గిపెట్టె ఉన్నా ఊరికే గీసేవాళ్ళు కాదు. ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే వాళ్ళింటికి పిడక పట్టుకెళ్ళి నిప్పు తెచ్చుకునేవాళ్ళు. నిప్పుకోసం వెళ్ళిన మనిషి ఊరికే రాదుగా. పాప దగ్గు తగ్గిందా, మీ ఆయన గుంటూరు నుంచి వచ్చాడా, రాత్రి మీ దూడ ఎందుకరిచింది, ఇవన్నీ కనుక్కుని వచ్చేది. ఇంతా అయ్యేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారేది కాదు.

నన్ను లేపేది నాయనమ్మే. వీపుమీద చెయ్యివేసి, 'లేరా నాన్నా, బారెడు పొద్దెక్కింది' అనేది. పొద్దు ఎక్కేది కాదు, అది వేరే సంగతి. ఆ చెయ్యి ముందు వీపుమీద పడేది, తరవాత నుదుటికి వచ్చేది. ఒళ్ళు వెచ్చగా తగిలిందంటే లేపడం ఆపేసి దుప్పటి కప్పేది. బడి లేదు, చన్నీళ్ళ స్నానం లేదు, మిరియాల కషాయం. ఈ రోజు పిల్లల గదిలో ఆరుంబావుకు డబ్బా లేవమంటుంది. జ్వరమున్న పిల్లకీ అదే మాట, లేని పిల్లకీ అదే మాట. రాత్రంతా పరీక్షకు చదివి మూడింటికి పడుకున్న పిల్లకీ అదే మాట.

ఇంకో సంగతి చెప్పాలి, నేను ఇదంతా రాస్తున్నది దానికోసమే. పొద్దున్నే వాకిలి ఊరికి కబురు చెప్పేది. ముగ్గు పడిందంటే ఇంట్లో అందరూ బాగున్నట్టు. ముగ్గు పడలేదంటే ఏదో జరిగినట్టు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వెయ్యరు, ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని పొద్దెక్కినా ఏ వాకిలైనా పొడిగా కనబడిందంటే వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు అక్కడ ఆగేవి. ఎదురింట్లో ఒంటరిగా ఉండే అవ్వ వాకిట్లో ఒకరోజు కళ్ళాపి పడలేదు, ఇంటిమీద పొగ లేవలేదు. మా నాయనమ్మ చేతిలో ముగ్గుచిప్ప అరుగుమీద పెట్టి రోడ్డు దాటి వెళ్ళింది. అవ్వకు రాత్రే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, నోట మాట లేదు. బండి కట్టి తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ తరవాత ఆవిడ చాలాకాలం బతికింది, కర్ర పట్టుకుని మా అరుగుమీద కూర్చోవడం నాకు బాగా గుర్తు.

రేడియో వచ్చాక కూడా ఈ పద్ధతి చెడలేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఊళ్ళో రేడియోలు ఇంటింటికీ వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది, పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ పెట్టుకోవాల్సిన వస్తువది. పొద్దున్నే వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి సంకేత సంగీతం, దాని వెనకే భక్తిపాటల భక్తిరంజని. ఆ భక్తిరంజని బాలాంత్రపు రజనీకాంతరావుగారి చలవ. ఆయనకు తెలుగువాళ్ళ ఉదయాలన్నీ రుణపడి ఉన్నాయని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం రికార్డు 1963లో వచ్చాక గుడి మైకులోనూ అదే, రేడియోలోనూ అదే. ఇంకొన్నేళ్ళకు ఆరూ యాభైఐదుకు సంస్కృత వార్తలు, ఏడూ ఐదుకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. వీధి ఈ చివర బయల్దేరితే ఆ చివరికి వెళ్ళేలోపు ఒక్క ముక్క పోకుండా వార్తలు వినొచ్చు, ప్రతి కిటికీలోంచీ అదే గొంతు. అయితే ఆ రేడియో దానంతటది మోగేది కాదు. పక్కింట్లో భక్తిరంజని వినబడుతోందంటే ఎవరో లేచి, నడిచివెళ్ళి, చెవి తిప్పారన్నమాట. చప్పుడు ఉన్నచోట మనిషి ఉండేవాడు.

ఇప్పుడు ఆ నమ్మకం పోయింది. మా పక్క ఫ్లాట్ మాస్టారి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది, ఒక్కడే కొడుకు వర్జీనియాలో. తండ్రి ఒంటరిగా ఉన్నాడన్న బెంగతో ఆ కుర్రాడు కిందటిసారి వచ్చినప్పుడు ఇల్లంతా ఈ పరికరాలతో నింపి వెళ్ళాడు. ఐదున్నరకు గీజరు, ఆరింటికి దీపాలు, ఆరుంబావుకు పాట, ఏడింటికి మాత్ర వేసుకోమని గుర్తుచెయ్యడం. అంతా ప్రేమతోనే చేశాడు, ఆ కుర్రాణ్ణి నేను ఒక్క మాట అనను.

ఒకరోజు మాస్టారు తెల్లవారుజామున బాత్రూములో కాలుజారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. లేవలేరు, పాకలేరు. ఆరింటికి ఎప్పటిలాగే దీపాలు వెలిగాయి. మా బాల్కనీలోంచి చూశాను, మాస్టారు లేచారనుకున్నాను. సుప్రభాతం వినబడింది, వింటున్నారనుకున్నాను. పనమ్మాయి వచ్చి గంట కొట్టింది, లోపల పాటలు మోగుతుంటే పూజలో ఉన్నారనుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయింది. పదకొండింటికి ఆ పిల్ల మళ్ళీ వచ్చి కొట్టినా తలుపు తియ్యకపోతే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వాచ్‌మన్‌ను పిలిచి తలుపు బద్దలుకొట్టించాం. అప్పటికి ఆయన గొంతు పోయేదాకా అరిచి ఉన్నారు. డబ్బా హాల్లో, ఆయన బాత్రూములో, మధ్య మూసిన తలుపు, పైన పాట. వినబడినా లాభం లేదు. దాన్ని ముందు పేరుపెట్టి పిలిస్తే తప్ప అది పలకదు. ఎముక విరిగిన మనిషి 'అమ్మా' అంటాడు గానీ యంత్రం పేరు తలుచుకుంటాడా?

ఆ దీపాలు వెలగకపోయి ఉంటే నేను ఆరున్నరకే వెళ్ళి తలుపు కొట్టేవాణ్ణి. ఇది నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే అంతకుముందు ఎన్నోసార్లు అలా వెళ్ళి కొట్టాను. మనిషి లేవకపోయినా ఇల్లు లేచినట్టు నటించింది, మేమందరం నమ్మాం. దీపం ఆరిపోతే కీడంటారు పెద్దలు. చూసేవాడు పడిపోయాక కూడా వెలుగుతూ ఉండే దీపం అంతకంటే కీడని నాకు ఆరోజు తెలిసింది.

అలాగని మా నాయనమ్మ చాకిరీ మళ్ళీ ఎవరి నెత్తిమీదికో రావాలని నేను కోరను. మా అమ్మ నీళ్ళ కాగు కింద తాటాకులు ఊది ఊది ముసలితనంలో ఊపిరందక బాధపడింది. ఆవిడకి గీజరు ఉంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మా బావగారికి చూపు మందగించింది, మోకాళ్ళు పట్టేశాయి. రాత్రిపూట మంచంమీదినుంచే నోటితో చెప్పి దీపం వేయించుకుంటాడు, గోడ తడుముకుంటూ వెళ్ళి పడే భయం తప్పింది. చేతకాని మనిషికి చెయ్యిగా ఉంటే ఆ యంత్రానికి నేనే దణ్ణం పెడతాను. మనిషి అడిగితే అది పని చేసింది, అంతవరకు న్యాయం. మనిషి ఊసే లేకుండా మనిషి ఉన్నట్టు చప్పుడు చెయ్యడం అన్యాయం.

కాబట్టి ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఈ డబ్బాలు పెట్టే పిల్లలందరికీ నేను చెప్పేది ఒకటే. గడియారంతో మొదలుపెట్టకండి నాయనా. గీజరు ఒక్కటి కావాలంటే గడియారానికి వదలండి, అది ఎవరి కంటా పడదు, ఎవరినీ మభ్యపెట్టదు. కిటికీలోంచి కనబడే దీపం, బయటికి వినబడే పాట మాత్రం మనిషి లేచి కదిలితేనే మొదలవ్వాలి. అలారం ఆపినప్పుడనో, హాల్లో అడుగుపెట్టినప్పుడనో పెట్టండి. ఏడింటిదాకా హాల్లో కదలిక లేకపోతే మీ ఫోనుకి కబురు వచ్చేలా కూడా అమర్చుకోవచ్చు, కదలిక పసిగట్టే పరికరంతో అది కుదిరే పనే. ఆ కబురు మీకు వచ్చాక పక్కింటికి ఫోన్ చెయ్యడానికి పక్కింటివాళ్ళ నంబరు మీ దగ్గర ఉందా? చాలామంది దగ్గర లేదు. పరికరాలకు వేలకు వేలు పోసినవాళ్ళు ఆ ఒక్క నంబరు అడిగి రాసుకోరు.

మాస్టారికి ఆపరేషనైంది, వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. కొడుకు సెలవు పెట్టుకుని వచ్చి, నేను చెప్పినట్టే దీపాలూ పాటా కదలికకు మార్చాడు. వెళ్ళేముందు, 'హాల్లో కెమెరా కూడా పెడతానంకుల్, అక్కడినుంచి నేను చూసుకుంటుంటా' అన్నాడు. మీ నాన్నను అడుగు, ఆయన ఒప్పుకుంటే పెట్టుకో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అయితే ఇంటి తాళంచెవి ఇంకోటి చేయించి నాకిచ్చి వెళ్ళమన్నాను, ఇచ్చాడు. ఆరున్నరకు ఆయన గుమ్మం ముందు పాలప్యాకెట్ అలాగే ఉంటే నేను గంట కొడతాను. గంటకు పలకకపోతే తాళం తీస్తాను.