నా వంపు నాదే

కొత్తపేటను నాకంటే ముందు నా పండ్లు చూశాయి. నేను కొల్లాపూర్ తోటలో నిలబడి ఉండగానే, ఏటా ఎండాకాలం అవి వరిగడ్డి పరుపు మీద లారీ ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారేసరికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో దిగేవి. పేరుకు గడ్డిఅన్నారం, ఉండేది కొత్తపేటలో. 1986లో మొదలై, దాదాపు 22 ఎకరాల్లో సాగిన మార్కెట్ అది. ఏప్రిల్ వచ్చిందంటే ఆ రోడ్డంతా మామిడి వాసనేనని మా రైతు కూలీలతో చెబుతుంటే వినేదాన్ని. అంత దూరం నా వాసన వెళ్తోందని మహా సంతోషంగా ఉండేది.

ఇప్పుడు ఆ మార్కెట్ అక్కడ లేదు. 2021లో దాన్ని మూసి విజయవాడ రోడ్డు మీది బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. పండ్లు రావడం మానేశాక నేను వచ్చాను. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక ఇంటి వసారాలో బల్లగా ఉన్నాను.

బల్ల అనగానే నాలుగు కాళ్లు, ఒక పలక అనుకోకండి. నన్ను చూస్తే మీకు ఒరిగిన చెట్టే కనబడుతుంది. ఎడమ చివర నా వేళ్ల మొదళ్లు మూడు పాయలుగా విచ్చుకుని నేలను పట్టుకుంటాయి. కుడి చివర ఒక కొమ్మ మొదలు మోకాలిలా వంగి బరువు మోస్తుంది. ఇంకో కొమ్మ వెనక నుంచి లేచి, మెలి తిరిగి, కూర్చున్నవాళ్ల వీపు దగ్గరికి వస్తుంది. బెరడు ఒలిచారు గానీ అంచు కోయలేదు. ముగ్గురు సర్దుకుని కూర్చోవచ్చు. ఇద్దరే అయితే కాళ్లు పైకి పెట్టుకుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

దగ్గరికి వస్తే ఒక చోటు చూపిస్తాను. వేళ్ల మొదళ్లకు జానెడు పైన నా ఒంటి రంగు మారుతుంది. అటువైపు ముదురు గోధుమ, ఇటువైపు పసుపు కలిసిన లేత రంగు. రెండూ కలిసే చోట రేఖలు కాస్త తడబడి, చిన్న సుడి తిరిగి, మళ్లీ తిన్నగా సాగుతాయి. అది నా అంటు. అటువైపున్నది నాటు మామిడి, టెంక నుంచి మొలిచింది. ఇటువైపున్నది బంగినపల్లి. ఎప్పుడో ఒక మనిషి రెండు లేత కొమ్మల్ని ఓ పక్కన చెక్కి, గాయానికి గాయం ఆనించి కట్టాడు. నాటు వేరు నీళ్లు తోడి పెట్టింది, బంగినపల్లి కాసింది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరూ పండు గురించే మాట్లాడారు. ఆ పేరు మోసిన పండు వెనక పేరు లేని ఒక వేరు ఉంది. నన్ను చేసినవాళ్లు ఆ చోటును దాచకుండా, సరిగ్గా చెయ్యి ఆనే దగ్గర ఉంచారు. వాళ్ల మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

మార్కెట్ వెళ్లిపోయిన తర్వాతి ఎండాకాలం గాలివానకు నేను కూకటివేళ్లతో పడిపోయాను. అంతకుముందే కాండం తొలిచే పురుగు ఒక పక్క చాలా తినేసింది. కాపు తగ్గింది, పైకొమ్మలు ఎండాయి. కలప కొనే మనిషి వచ్చి నా చుట్టూ తిరిగి, టేపు తీయకుండానే తేల్చేశాడు: "తిన్నగ నాలుగడుగులు లేదు. సెంట్రింగ్ చెక్కకు రాదు, పెట్టెలకూ రాదు. పొయ్యిలకు తీస్కపోత." మామిడి బతుకంతా ఇంతే. తోరణానికి ఆకు కావాలి, హోమానికి సమిధ కావాలి, ఉగాది పచ్చడికి కాయ కావాలి. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి టేకు కావాలి.

మా రైతుకు కొత్తపేటలో ఒక కమీషన్ వ్యాపారి ఉండేవాడు. పండ్ల లెక్కలతో మొదలైన పరిచయం ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లేదాకా సాగింది. "సేటూ, పెద్ద చెట్టు పడ్డది" అని ఫోన్ చేశాడు. ఆ పెద్దమనిషి మనవరాలు మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పం చదువుతోంది. పక్క గదిలోంచి పరుగున వచ్చింది: "తాతా, కోయొద్దని చెప్పు. వేళ్లు గూడ కోయొద్దని చెప్పు." అలా నేను లారీ ఎక్కాను, నా పండ్లు వచ్చిన దారిలోనే.

దించింది కొత్తపేటలోనే, ఒక వడ్రంగి పెద్దాయన రేకుల షెడ్డులో. వాళ్ల తాతలు ఊళ్లో నాగళ్లు, బండి చక్రాలు, గడపలు చేసినవాళ్లు. ఈయన నగరానికి వచ్చాక ప్లైవుడ్ అల్మారాలు, వంటింటి అరలు బిగిస్తూ ఇల్లు గడుపుతున్నాడు. నన్ను చూసి చాలాసేపు మాట్లాడలేదు. వంగి, వేళ్ల సందుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని గోటితో గీకి తీశాడు.

ఈ పనిలో సగం ఆరబెట్టడమే. ఫొటోల్లో అది కనబడదు కాబట్టి దాని గురించి ఎవరూ చెప్పరు. పచ్చి మామిడి కట్టెలో నీరు ఎక్కువ, పిండిపదార్థం ఎక్కువ. పిండి కోసం పురుగు వస్తుంది, సన్నని బెజ్జాలు చేసి పౌడరు లాంటి పొట్టు రాలుస్తుంది. తేమ కోసం బూజు వస్తుంది. అందుకని ముందుగా బెరడు ఒలిచి, పురుగు తిన్న భాగం గొడ్డలితో చెక్కేసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు ఒళ్లంతా తాగేలా పట్టించారు. కోసిన చివరలకు మైనం పూశారు. కట్టె చివరల నుంచే తొందరగా ఆరుతుంది, తొందరగా ఆరిన చోటే పగులుతుంది. కింద ఇటుకలు పేర్చి, నేలకు ఆనకుండా, ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా పడుకోబెట్టారు. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల లెక్క. నా మందానికి ఆ లెక్క వేస్తే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. ఆయన కూర్చునే చోట అడుగువైపు నుంచి చాలా కట్టె తొలిచేసి, లోపలికీ గాలి వెళ్లేలా చేశాడు.

అమ్మాయికి ఆత్రం. ఉలి పట్టుకునే వచ్చేది.

"మామా, ఇంకెన్నాళ్లు?"

"ఇప్పుడే చెక్కితే నీ మాట మంచిగనే వింటది బిడ్డా. ఎండాకాలం రాంగనే మెలి తిరుగుతది. అప్పుడు నువ్వు ఏడుస్తవు, నేను ఏడుస్త."

నా నుంచి తీసిన చిన్న ముక్కను ఆయన పక్కనే ఉన్న కిరాణా కొట్టు కాటా మీద నెలనెలా తూచేవాడు. బరువు తగ్గుతోందంటే ఇంకా నీరు పోతోందన్న మాట. తగ్గడం ఆగిన నెల ఆయనే ఉలి పదును పెట్టాడు.

బూజును పూర్తిగా ఆపలేకపోయారు. పైవైపున బూడిద రంగు, నలుపు, అక్కడక్కడా గులాబీ చారలు మిగిల్చి వెళ్లింది. మామిడి కట్టెకు ఈ చారలు మామూలే. కలప వ్యాపారి దీన్నే మచ్చ అని ధర కోస్తాడు. నా దగ్గరికి వచ్చిన పిల్లలు ముందు వేలు పెట్టేది ఆ చారల మీదే.

చెక్కడం మొదలయ్యాక ఇద్దరికీ మాట పట్టింపులు వచ్చాయి. ఆయన చేతులకు గడప మీద పద్మం, ద్వారబంధం మీద చిలుకలు చెక్కడం వచ్చు. ప్లైవుడ్ పనిలో ఆ విద్యకు చోటు దొరకలేదు. "వీపు మీద ఒక్క చిలుకనన్న పెడదాం" అన్నాడు ఆశగా. "చెట్టే ఉన్నది కద మామా" అంది ఆమె. ఆయన నొచ్చుకున్నాడు, నాకు తెలుసు. కానీ తర్వాత ఆమె వీపు కొమ్మను మరీ నిటారుగా ఉంచబోతే ఆయన గట్టిగా అడ్డు పడ్డాడు: "చూసేటానికి బాగనే ఉంటది. కూసునేటోళ్ల నడుము సంగతేంది?" ఆ మాట మీద వీధిలో వాళ్లను ఒక్కొక్కరిని పిలిచి కూర్చోబెట్టారు. వీపు ఎక్కడ తగులుతోందో అక్కడ సుద్దతో గీత పెట్టి, అక్కడే చెక్కారు. ఎత్తు పదహారు అంగుళాలు చాలని అమ్మాయి అనుకుంది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఒకావిడ కూర్చుని, లేవడానికి మనిషి చెయ్యి అడిగింది. వేళ్ల చివర్లు అప్పటికింకా కోయలేదు. పద్దెనిమిది అంగుళాలు వచ్చేలా కోశారు. నన్ను శిల్పం అన్నా ఆనందమే, బల్ల అన్నా ఆనందమే. ఆ ముసలమ్మ చెయ్యి అడగకుండా లేచిన రోజున మాత్రం బల్ల అన్న మాటే ఎక్కువ తీపిగా వినిపించింది.

ఒకనాడు ఆమె ఫోన్లో కొన్ని బల్లల ఫొటోలు చూపించింది. జార్జ్ నకషిమా అనే జపనీస్ అమెరికన్ చేసినవి. ఆయన 1905లో అమెరికాలో పుట్టి, ఆర్కిటెక్చర్ చదివి, 1937లో పుదుచ్చేరి వచ్చాడు. అరవిందాశ్రమానికి ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేసిన వసతి గృహాన్ని దగ్గరుండి కట్టించడానికి. గదుల్లోకి కావలసిన టేకు సామాను కూడా రూపొందించాడు. ఆయన ఫర్నిచర్ పనిలో తొలినాటిది అదే. ఆ భవనం పేరు గోల్కొండ్. దానికి పెద్ద విరాళం హైదరాబాద్ నిజాం సర్కారు నుంచి, సర్ అక్బర్ హైదరీ చొరవతో అందింది. ఆ కృతజ్ఞతతో మన కోట పేరు పెట్టారు. నకషిమా 1939లో వెళ్లిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపనీస్ మూలాలవాళ్లను నిర్బంధించినప్పుడు శిబిరంలో ఒక జపనీస్ వడ్రంగి దగ్గర చేతిపని లోతుగా నేర్చుకున్నాడు. తర్వాత పెన్సిల్వేనియాలో పలక అంచును చెట్టు ఇచ్చినట్టే వదిలేస్తూ, పగుళ్లను దాచకుండా సీతాకోకచిలుక ఆకారపు బిళ్లలతో పట్టి ఉంచుతూ బల్లలు చేశాడు.

పెద్దాయన ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఆ బిళ్లనే చూశాడు. "గిది మా నాయిన తలుపు పలక పగిల్తె ఏసేటోడు" అన్నాడు. మరునాడు పొద్దున్నే నా నడుము మీది పగులుకు అడ్డంగా అలాంటివి రెండు బిగించాడు, నల్లతుమ్మ కట్టెతో. వాళ్ల తాత బండి చక్రాలకు వాడింది ఆ తుమ్మే. మేకు లేదు, జిగురు కొద్దిగా. బెజ్జం ఉలితో వెంట్రుక మందం చొప్పున విప్పుతూ, బిళ్లను పెట్టి చూస్తూ, తీస్తూ, మళ్లీ చెక్కుతూ పూటంతా కూర్చున్నాడు. చివరికి సుత్తితో మెల్లగా కొట్టగానే అది దిగిన చప్పుడు విని, ప్లైవుడ్ పనిలో ఎన్నేళ్లుగానో నవ్వని నవ్వు నవ్వాడు. ఆ పగులు ఇంకా ఉంది. పెరగడం ఆగింది, అంతే.

పైన మెరిసే పాలిష్ వేయలేదు. ఆకురాయి, గరుకు కాగితం, ఆ తర్వాత పలచగా అవిసె నూనె. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే ఆ నూనె మళ్లీ పట్టించాలి. తడిబట్ట వద్దు, మధ్యాహ్నపు ఎండ వద్దు.

ఇప్పుడు ప్రకృతి పేరుతో చాలా సామాను అమ్ముతున్నారు. తిన్నని పలకకు యంత్రంతో ఆకు చెక్కి అంటిస్తారు. రెండు పలకల మధ్య నీలం రెసిన్ పోసి నది అంటారు. ఆ ప్లాస్టిక్ నది నాకు నచ్చదు. కట్టె వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. ఆ రెసిన్ దానితో పాటు కదలదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నాలాంటి బల్ల బాగుందని నిలబడి ఉన్న చెట్టును కొట్టకండి. కాపు తగ్గిన ముసలి మామిడికి కొమ్మలు కత్తిరించి, కొత్త చిగురు తెప్పించే పద్ధతి ఉంది. ముందు అది చేసి చూడాలి. పడినవి చాలు. ప్రతి ఎండాకాలం గాలివానలకు హైదరాబాద్ వీధుల్లో వేపలు, తురాయిలు, నిద్రగన్నేర్లు కూలుతూనే ఉన్నాయి. తెల్లారేసరికి ముక్కలై వెళ్లిపోతాయి. వాటి వంపుల్ని ముక్కలు చేయకముందు ఒక్క వడ్రంగినీ, ఒక్క శిల్పినీ పిలిచి చూపించేవాళ్లు ఉంటే, ఈ నగరంలో ఎన్ని వసారాలకు, ఎన్ని బడులకు, ఎన్ని ఆస్పత్రి వరండాలకు కూర్చునే చోటు దొరుకుతుందో! అడవి టేకు అడవిలోనే ఉంటుంది.

పండ్ల సేటు ఇప్పుడు నా మీద కూర్చునే పేపరు చదువుతాడు. వచ్చినవాళ్లతో "దీని పండ్లు నేనే అమ్మిన" అంటాడు. కొల్లాపూర్ నుంచి మా రైతు వచ్చినప్పుడు ఇద్దరూ నా మీదే కూర్చుని ఈ ఏటి పూత ఎలా ఉంది, తేనెమంచు పురుగు ఎంత తిన్నది, బాటసింగారంలో ధర ఎంత పలుకుతోంది అని మాట్లాడుకుంటారు. అవి నాకు ఇప్పటికీ ఇంటి కబుర్లే.

నా పెద్ద కొమ్మ ఇంకొకటి షెడ్డులోనే ఇటుకల మీద ఉంది. దాన్ని ఊయల బల్ల చేద్దామని అమ్మాయి పట్టు, వాలు కుర్చీ అయితేనే ఆ వంపు నిలుస్తుందని పెద్దాయన పట్టు. ఈసారి చిలుకను పెట్టనిస్తేనే ఊయలకు ఒప్పుకుంటానంటున్నాడు. "ఒక్కటే మామా" అని ఆమె సగం దిగివచ్చింది. దాని ముక్క బరువు మాత్రం ఇంకా తగ్గుతూనే ఉంది.