నేటివ్ రెజల్యూషన్ పరువు కాపాడుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ అట్టపెట్టె మీద 1920×1080 అని అచ్చేసి ఉందంటే గేమ్ కూడా అందులోనే ఆడాలి, ఒక్క మెట్టు దిగినా పరువు పోయినట్టే. అసలే పల్నాడు పౌరుషానికి పేరుపడ్డ సీమ. కోడిపందెంలో ఓడి రాజ్యం వదిలివెళ్లిన వాళ్ల కథను కారంపూడిలో ఏటా ఉత్సవం చేసి తలుచుకునే చోట, సెట్టింగ్స్‌లో 720కి దిగమంటే ఎవరు దిగుతారు? కాబట్టి నరసరావుపేట హాస్టల్ గదిలోనైనా, మాచర్ల మిద్దె మీదైనా మొదటి నియమం ఒక్కటే: లెక్క చూడకండి. చూశారో, 1080లో 20,73,600 చుక్కలనీ, 720లో 9,21,600 మాత్రమేననీ, అంటే ఒక్కో ఫ్రేముకు గ్రాఫిక్స్ చిప్ గీయాల్సిన చుక్కలు సగానికంటే తగ్గిపోతాయనీ తెలిసిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఆ చిప్‌కు సొంత మెమరీ కూడా ఉండదు, ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌లోనే వాటా అడుక్కోవాలి. ఖాళీ స్లాట్‌లో రెండో ర్యామ్ స్టిక్ వేయిస్తే ర్యామ్ నుంచి చిప్‌కు డేటా వచ్చే దారి వెడల్పవుతుంది కనుక, ఆ పని అస్సలు చేయకండి.

రెండో నియమం: కాలం చూడకండి. వేసవిలో రాష్ట్రంలో ఎండ ఎక్కడ మండిందని వార్తలు చూస్తే రెంటచింతల పేరు తరచూ కనబడుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు కంపెనీలు రాసిపెట్టే హద్దు 35 డిగ్రీల గది వేడి. మేలో గురజాల మధ్యాహ్నానికి ఆ హద్దు సంగతి తెలియదు. ఫ్యాన్ లోపలికి లాగేది వడగాలే, అయినా ల్యాప్‌టాప్‌ను పరుపు మీదే పెట్టి అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసేయండి. చిప్ వేడి 95, 100 డిగ్రీలకు చేరగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అసలు విషయం ఇక్కడే ఉంది. మీరు దిగనంటే చిప్ దిగుతుంది. ఏది వదులుకోవాలో మీరు తేల్చుకోకపోతే యంత్రం తేల్చేస్తుంది, అదీ సరిగ్గా శత్రువు ఎదురుపడ్డ క్షణంలో. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వస్తే చిప్‌కు అందే పవర్ ఇంకా తగ్గుతుంది, ల్యాగ్ ఇంకా పెరుగుతుంది, 1080 మాత్రం చెక్కుచెదరదు.

రెజల్యూషన్ తగ్గించినా వేడి తగ్గలేదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. ఒక్కో ఫ్రేము తేలికైతే చిప్ ఖాళీగా కూర్చోదు, ఆ తీరికలో ఇంకో ఫ్రేము గీస్తుంది. ఫ్రేములను సెకనుకు 60 దగ్గర కట్టేస్తేనే దానికి ఊపిరి ఆడుతుంది. ఇక ప్రాసెసరే అందుకోలేకపోతున్న గేమ్‌లో చుక్కలు ఎన్ని తగ్గించినా వేగం పెరగదు. 720లో బొమ్మ మసకగా ఉంటుందన్నదీ నిజమే. ఎల్‌సీడీ తెరలో చుక్కల గళ్లు మారవు, 720లోని ఒక్కో చుక్కను అటూ ఇటూ ఒకటిన్నర గడిలో సర్దాలి, సగం గడి అంటూ ఉండదు కనుక అంచులు అలుక్కుపోతాయి. అయితే దీనికి మందు ఎప్పుడో వచ్చింది. చాలా గేమ్‌లలో రెజల్యూషన్ స్కేల్ అనే స్లైడర్ ఉంటుంది. దాన్ని 75 శాతానికి జరిపితే మెనూలూ అక్షరాలూ 1080లోనే నిలుస్తాయి, లోపలి లోకం మాత్రం 1440×810లో, అంటే 56 శాతం చుక్కలతో గీయబడుతుంది. ఏఎమ్‌డీ 2021లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ ఆ చిన్న బొమ్మను పదునుపెట్టి పెద్దది చేస్తుంది, వేరే కంపెనీల చిప్‌ల మీదా పనిచేస్తుంది. పరువు మీద పట్టింపు ఉన్నవాళ్లు ఆ స్లైడర్ వంక చూడకూడదు. కౌంటర్ స్ట్రైక్ పోటీల్లో డబ్బుకు ఆడే వాళ్లలో చాలామంది ఖరీదైన మానిటర్ ముందు కూర్చుని కావాలనే 1280×960 పెట్టుకుంటారన్న మాట కూడా చెవిన పడనివ్వకండి. వాళ్లకు కావలసింది గెలుపు, మనకు కావలసింది పెట్టె మీది అంకె.

ఇంత చెప్పినా దిగేవాళ్లు దిగుతారు. ముందు షాడోలు తగ్గిస్తారు, తర్వాత స్కేల్ జరుపుతారు, చివరికి ఫ్రేములు కట్టేసి హాయిగా ఆడుకుంటారు. పట్టు వదలనివాళ్లు మాత్రం ఆట మధ్యలో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవచ్చు. కదలక్కర్లేని బొమ్మలో 1080ని మించింది లేదు.