బక్షీసు

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీల సామెత. లోచో, ఘారీ, చలికాలం వస్తే లేత జొన్నల పోంఖ్, ఇలా ఆ ఊరివాళ్ల నాలుకకు పేచీలెక్కువ. అలాంటిచోట ఇటాలియన్ హోటలు పెట్టి నెగ్గాలంటే ఇటలీయే కొంచెం తగ్గాలి. వెల్లుల్లి ఉండదు, ఉల్లి ఉండదు, గుడ్డు ఉండదు. 1960లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచీ మద్యనిషేధం కాబట్టి వైన్ గ్లాసులో ద్రాక్షరసం పోస్తారు. అసలు పర్మేసాన్ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో. కనుక అదీ గడప తొక్కదు, దాని కుర్చీలో అమూల్ కూర్చుంటుంది.

డుమస్ రోడ్డులో అలాంటి ఖరీదైన హోటలుకే మా బావ ఓ సిసలైన ఇటలీవాడిని భోజనానికి తీసుకెళ్లాడు. తోడుగా నేను.

బావవాళ్లది సిరిసిల్ల పక్క పల్లె. వాళ్ల నాన్న, అంటే మా మామ, వరంగల్‌లో నవజీవన్ రైలెక్కి సూరత్‌లో దిగాడు. లింబాయత్‌లో ఒక్క గదిని పదిమందితో పంచుకుని, మీటరుకింత అని కూలి తీసుకుంటూ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ పేటల్లో మన పద్మశాలీలు ఎంతమందంటే, సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. బావ అక్షరాలు దిద్దింది అందులోనే. ఇప్పుడు బావకు సొంత ఖాతా ఉంది. సూరత్‌లో ఖాతా అంటే బ్యాంకుది కాదు, మగ్గాల షెడ్డు. అందులోకి కొత్తగా ఇటలీ రేపియర్లు దింపాడు. వీటికి నాడె ఉండదు. రెండు పక్కల నుంచి రెండు పట్టీలు దూసుకొచ్చి, పేకదారాన్ని నట్టనడుమ ఒకటి రెండోదానికి అందిస్తుంది.

వాటిలో ఒకటి నడిచినట్టే నడిచి ఆగిపోతోంది. బెర్గామో నుంచి ఇంజినీరు వచ్చాడు. పొద్దుటి నుంచీ తెర మీద అంకెలు మారుస్తూనే ఉన్నాడు. లుంగీ, చిరుగుల బనియను, తల నిండా దూదిపింజలతో మామ ఓ మూల నిలబడి చూస్తున్నాడు. చూసీ చూసీ ముందుకొచ్చి, మగ్గాన్ని ముట్టుకోకుండా వెనక దారపు కోను మీద చెయ్యేశాడు.

"మిషిన్‌ది తప్పు గాదు బిడ్డా, కోనుది" అన్నాడు నాతో. కోను అడుగంచు నొక్కుకుపోయి ఉంది. ఆ వరసకు వచ్చినప్పుడల్లా దారం అక్కడ పట్టుకుంటోంది. కోను మార్చారు. మగ్గం సాయంత్రం దాకా మళ్లీ ఆగలేదు.

ఇటలీవాడు మామ చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, ఈయనెవరని బావనడిగాడు. బావ ఒక్క క్షణం ఆ బనియను వంక చూశాడు.

"పాత పనివాడు. అందరం కాకా అంటాం" అని ఇంగ్లీషులో చెప్పి, ఇటు తిరిగి హిందీలో, "కాకా, ఇక ఆ పక్క సాంచా చూడు" అన్నాడు.

ఇంట్లో 'బాపూ' తప్ప మరో మాట ఎరగనివాడు. మామ మాత్రం రెప్ప వెయ్యలేదు. "అచ్ఛా, సేఠ్" అంటూ పక్క సాంచా దగ్గరికి నడిచాడు.

రాత్రి బయల్దేరేముందు బావ సంజాయిషీ కూడా మామకే చెప్పాడు: "బాపూ, ఆడ చంచాలు, కత్తులతోని తినాలె. నీకు ఇబ్బందైతది." మామ సరేనని, పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ అడిగాడు.

హోటల్లో ఇల్లంతా పనిలోనే ఉంది. కొడుకు ఆర్డర్లు రాసుకుంటున్నాడు, కోడలు బల్లల మధ్య తిరుగుతోంది, లోపల అత్తగారు సాసు చూస్తోందట. వెల్లుల్లి లేని పెస్తో ముందు పెడితే ఇటలీవాడు ఒక చెంచా తిని, కాసేపు ఆలోచించి, ఇంకో చెంచా తిన్నాడు. మర్యాదస్థుడు. చివర్లో రొట్టెముక్కతో పళ్లానికి అంటుకున్నదంతా తుడిచి నోట్లో వేసుకున్నాడు. మామ రోజూ వేలితో చేసే పనే అది.

అప్పుడు హోటలు కొడుకు గల్లాపెట్టె దగ్గర నుంచి ఓ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నలిగిన తెల్ల జుబ్బా, చెవి మీద బాల్‌పెన్ను.

"మా నాన్న. తోపుడు బండి మీద శాండ్‌విచ్‌లు అమ్మి ఇదంతా కట్టాడు. ఇప్పటికీ సాసు ఈయన నాలిక్కి నచ్చితేనే బయటికొస్తుంది."

ముసలాయనకి ఇంగ్లీషు రాదు. చేతులు జోడించాడు. ఇటలీవాడు కుర్చీలోంచి లేచి నిలబడి, ఆ జోడించిన చేతుల్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మా ఊళ్లోనూ హోటళ్లు ఇలాగే నడుస్తాయన్నాడు. కూర్చున్నాక బావనడిగాడు.

"మీదీ ఇంటి వ్యాపారమేగా? మీ నాన్నగారేం చేస్తారు?"

"ఊళ్లో ఉంటారు. వ్యవసాయం" అన్నాడు బావ.

మామకు సిరిసిల్లలో గుంటెడు భూమి లేదు. నేను ద్రాక్షరసం తాగుతూ ఉండిపోయాను. అక్కనిచ్చిన ఇంట్లో బామ్మర్దికి అంతకన్నా నోరుండదు.

బిల్లు ఏడువేల చిల్లరైంది. బావ కార్డు గీస్తుంటే ఇటలీవాడు పర్సులోంచి నాలుగు ఐదువందల నోట్లు తీసి, మడిచి బావ చేతిలో పెట్టాడు.

"అయ్యో, బిల్లు నేనిస్తున్నా సార్."

"బిల్లుకు కాదు. తెల్లవారే నా విమానం, కాకాను మళ్లీ చూడలేను. ఇది ఆయనకివ్వండి. ఇంకో మాట, ఏమనుకోవద్దు. అంత పనితనమున్న మనిషి ఒంటి మీద ఆ బనియనేమిటి? మీరిచ్చేది ఆయనకు చాలుతున్నట్టు లేదు. జీతం పెంచండి."

"తప్పకుండా సార్" అన్నాడు బావ.

ఇది పోయిన దీపావళి ముందటి మాట. పెంచడానికి మామకు జీతమంటూ ఉంటే కదా. ఇక ఆ రెండువేలంటారా, బావ ఇంకా ఇవ్వలేదు. ఇస్తే ఎవరిచ్చారో, ఏమన్నారో చెప్పాలి.