ట్రాక్టరుకు పెళ్లిచూపులు

మాలూరు దగ్గరి లక్కూరులో కొత్త ట్రాక్టరు కొనేవాడు మొదటి చాలు దున్నకముందే అమ్మకం లెక్క వేస్తాడు. "చవక కంపెనీదైతే రేపు ఎవడు కొంటాడన్నా?" బ్యాంకు అప్పు తీరకముందే బండి ధర సగానికి పడిపోతుందన్న భయం న్యాయమైనదే. కానీ పేరే ఆస్తి అనుకునేవాళ్లు హెచ్‌ఎంటీని తలచుకోవాలి. బెంగళూరు కేంద్రంగా నడిచిన సర్కారు సంస్థ అది. 1971లో మొదలుపెట్టిన దాని ట్రాక్టర్ల విభాగానికి 2016లో కేంద్రమే తాళం వేసింది. పోనీ, వంశం చూద్దామా? 2005లో ఐషర్ ట్రాక్టర్లు టాఫే ఇంటికి, 2007లో స్వరాజ్ మహీంద్రా ఇంటికి కోడళ్లుగా వెళ్లాయి. బానెట్ మీద పేరు మాత్రం ఇంకా పుట్టింటిదే!

పేరున్న బండికి స్పేర్లు మాలూరులోనే దొరుకుతాయంటారా, ఒప్పుకున్నాం. రాగిచేను పదును ఆరిపోతుంటే క్లచ్ ప్లేటు కోసం బెంగళూరు బస్సెక్కేవాడికి చవక చేదే. అయితే ఆ లెక్క ఏడాది పొడవునా బాడుగకు తిప్పేవాడిది. రెండెకరాల టమాటా రైతు పట్టుమని పదిరోజులు దున్ని, టైర్లు అరగకుండా మిగతా ఏడాదంతా టార్పాలిన్ కప్పి ఉంచుతాడు. రీసేల్ కోసమట. ప్రస్తుతం ఆ టార్పాలిన్ కింద కోడి పొదిగింది. పిల్లల్ని కూడా బండి ధరలో కలుపుతారేమో అడగాలి.