ఆషాఢంలో తూర్పింటికి, పుష్యంలో పడమటింటికి

ఛత్రినాకలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉంటుంది గానీ సందు ఉండదు. కాగితాల్లో పెరడు అని రాసున్న జాగా ఒక కట్టెల పొయ్యికి, ఒక నీళ్ల డ్రమ్ముకు, ఒక తులసి కోటకు సరిపోతే అదృష్టం. తక్కిన పెరడంతా ఎప్పుడో దాబా ఎక్కేసింది. బట్టలు ఆరేదీ, వడియాలు ఎండేదీ అక్కడే. కింద పొయ్యిలోంచి లేచిన పొగ తీరిగ్గా కూర్చునేదీ అక్కడే.

మాది మధ్యిల్లు. పడమటింట్లో అత్తమ్మ, తూర్పింట్లో అక్క. ఇద్దరికీ గ్యాసుంది. అయినా స్నానాల నీళ్లకు రాగి బాయిలర్, పండక్కి కట్టెల పొయ్యి ఉండాల్సిందే. ముక్కులు కూడా ఇద్దరికీ బాగా పనిచేస్తాయి. తగాదాకు ఇంకేం సామగ్రి కావాలి?

హైదరాబాదులో వానాకాలం గాలి పడమటి నుంచి వీస్తుంది, చలికాలం గాలి తూర్పు నుంచి. వాతావరణ శాఖ దీన్ని రుతుపవనాలంటుంది. మా గల్లీలో ఎవరు ఎప్పుడు అరవాలో నిర్ణయించేది ఇదే. బోనాల నెలంతా వంతు తూర్పింటిది.

"అత్తమ్మా, గిదేం పొగ? నిన్న ఉతికిన చీరలు మల్ల నీళ్లల్ల ఏసిన!"

"గాలికి నేను చెప్పి పంపిన్నా బిడ్డా? తాడు జర గా పక్కకు కట్టుకోరాదు?"

సంక్రాంతి నాటికి గాలి తిరుగుతుంది. ఫిర్యాదు పడమటి నుంచి తూర్పుకు, తాడు సలహా తూర్పు నుంచి పడమటికి పోతాయి. మాటలు మాత్రం మారవు. మధ్యింటి వాళ్లం కాబట్టి మాకు సీజను లేదు. పొగా, తిట్లూ రెండు కాలాల్లోనూ మా దాబా మీదుగానే వెళ్లాలి.

ఇన్ని తగాదాల్లో ఊపిరితిత్తుల ప్రస్తావన ఒక్కసారీ వినలేదు. కట్టెల పొగలో తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని నలుసులుంటాయనీ, అవి ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతాయనీ డాక్టర్లు చెబుతారు. కనబడని నలుసు కోసం ఎవరు గొంతు చించుకుంటారు? పట్టుచీర అంచు మీద మసి మరక పడిందంటే మాత్రం పోట్లాటకు బలమైన సాక్ష్యం దొరికినట్టే.

ఆషాఢంలో గాలితో పాటు కట్టె కూడా పగబడుతుంది. అడితిలో వానకు తడిసిన తుమ్మ మొద్దు మంట పెట్టగానే మండదు. ముందు తన ఒంట్లో నీళ్లు కాచుకుంటుంది. మంట చల్లారి, సగం కాలిన కట్టె అంతా పొగై లేస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త కుండలో బోనం వండాలి. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడి మాకు నడిచిపోయే దూరం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం మునిగినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆ అమ్మవారికి మొక్కాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. అత్తమ్మ ఈ చరిత్రను ఏటా వాడుకుంటుంది. "నిజాం రాజే మొక్కిన అమ్మోరు, నీ చీరెల కోసం బోనం ఆపుతదా?" దీనికి తూర్పింటి దగ్గర జవాబు లేదు.

అసలు ఘట్టం బోనం మర్నాడు, సోమవారం. తలకాయలు, కాళ్లు కాల్చే కార్యక్రమం. వెంట్రుకలు కాలే ఆ వాసన ముందు కట్టెల పొగ అగరుబత్తి. అయినా ఆ పూట ఒక్క నోరూ లేవదు. సాయంత్రానికి గోడ మీంచి తలకాయ కూర గిన్నె వస్తుందని అందరికీ తెలుసు. బక్రీదు నాడు పక్క గల్లీలో పాయాలు కాల్చేటప్పుడూ ఇదే శాంతి. ఇక రంజాన్‌లో హలీం భట్టీలు గంటల తరబడి పొగలు కక్కుతుంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేశారా? ఆ పొగలోనే కళ్లు తుడుచుకుంటూ వరసలో నిలబడతారు. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంక పొగను అనేదెవరు?

చట్టం లేదా అంటే ఉంది. జనానికి హాని కలిగేలా గాలిని పాడుచేస్తే 1860 నాటి శిక్షాస్మృతిలో జరిమానా 500 రూపాయల దాకా. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షనులో అది 1,000 దాకా. అడితిలో కట్టెల ధర కూడా ఇంత ఓపిగ్గా పెరిగుంటే బాగుండేది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలని హరిత ట్రిబ్యునల్ 2016లో చెప్పింది. 1981 నాటి వాయు చట్టంలో, వస్తువులు కాల్చొద్దని ప్రభుత్వం నిషేధించడానికి వీలిచ్చే నిబంధన మాత్రం ఇంధనాన్ని మినహాయించింది. ఈ సంగతి మా గల్లీకి తెలియడమే ప్రమాదమైంది. ఇప్పుడు ఏ చెత్త కుప్ప మీదైనా ఒక నీళ్ల గిన్నె పెడితే అది పొయ్యి. అడిగితే "నీళ్లు కాగవెడుతున్న."

1610లో ఇంగ్లండులో ఒకాయన పక్కింటి పందుల దొడ్డి కంపు భరించలేక కోర్టుకెక్కాడు. మనిషికి అంత సుకుమారమైన ముక్కు ఉండకూడదని అవతలివాళ్లు వాదించారు. కోర్టు ముక్కు పక్షమే తీసుకుంది. ఈ కథ తూర్పింటి అక్కకు చెబితే పొంగిపోయింది. పుష్యంలో పడమటింటి అత్తమ్మకూ చెప్పాను. ఆమె కూడా పొంగిపోయింది.

గల్లీలో తీర్పు చెప్పే హక్కు మధ్యింటికే ఉందని నా నమ్మకం. బోనం పొగ మాఫీ. బాయిలర్ పొగకు పొద్దున బట్టలు ఆరేసేలోపే గడువు. వడ్రంగి దుకాణం నుంచి ఊరికే వస్తాయని ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన పాత తలుపులు పొయ్యిలో పెట్టేవాళ్లకు మాత్రం క్షమాపణ లేదు. ఆ జిగురు, ఆ రంగు కాలితే వచ్చేది విషమే. దాంట్లో ఏ అమ్మవారికీ వాటా లేదు.

కాబట్టి ఆషాఢానికి కావలసిన కట్టెలు ఎండాకాలంలోనే కొని దాబా మీద ఎండబెట్టుకోండి. పొయ్యి అంటించే ముందు గోడ మీంచి "బట్టలు తీస్కోండ్రి" అని ఒక్క కేక వేయండి. కూర గిన్నె పంపేటప్పుడు మధ్యింటిని దాటేసి పంపకండి.