5,300 అక్షరాల్లో గోదావరా!

అమెరికాలో మెడిసిన్‌కి దరఖాస్తు పెట్టేవాళ్ళు, అసలు డాక్టరెందుకు అవ్వాలనుకుంటున్నారో ఓ వ్యాసం రాసివ్వాలటండి. కొలత 5,300 అక్షరాలు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా అక్షరం కిందే లెక్క. అంటే ఊపిరి పీల్చుకున్నా కోతే. టెక్సాస్ కాలేజీలవాళ్ళు ఇంకాస్త పిసినార్లు, 5,000 దగ్గరే గేటు దించేశారు. ఇంగ్లాండులో 4,000, అదీ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా ముక్కలు చేసి అడుగుతున్నారు.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంతకంటే శిక్ష లేదు. పెళ్ళికి పిలవడానికి వెళ్ళి, కాఫీ తాగి, కొబ్బరి ధరా కాలవ నీళ్ళ సంగతీ మాట్లాడి, గుమ్మం దిగాక "అన్నట్టండీ" అంటూ శుభలేఖ తీసేవాళ్ళం మనం. 5,300 అక్షరాలు మన పలకరింపులకే చాలవు.

డల్లాస్‌లో ఉన్న మనవరాలు తన వ్యాసాన్ని రావులపాలెం తాతగారికి ఫోన్లో చదివి వినిపించిందనుకోండి.

"మొదలు బాలేదమ్మా. ధవళేశ్వరం ఆనకట్టతో ఎత్తుకో."

"ఆనకట్టెందుకు తాతయ్యా?"

"కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టకపోతే నీళ్ళెక్కడివి? నీళ్ళు లేకపోతే వరెక్కడిది? వరి పండకపోతే మీ నాన్నని ఇంజనీరింగ్ చదివించే డబ్బెక్కడిది? ఆడు అమెరికా రాకపోతే నువ్వెక్కడ?"

తర్కంలో లోపం లేదు. కాకపోతే లాకులు దాటేసరికే నాలుగువేల అక్షరాలు అయిపోయాయి, రోగి ఇంకా రంగంమీదకి రాలేదు.

పిల్ల రాసుకున్నది మాత్రం తక్కువదా? వేసవి సెలవులకి ఊరొచ్చి, ఉచిత వైద్య శిబిరంలో బీపీ మిషన్ పట్టుకుని ఫొటో దిగింది. నాయనమ్మ ఏళ్ళ తరబడి పడుతున్న మోకాళ్ళ నొప్పి వ్యాసంలోకి ఎక్కేసరికి మనవరాలి జ్ఞానోదయమైపోయింది. ఆవిడకి మాత్రం ఆ నొప్పి అలాగే ఉంది. ఇక కారణమే తోచనివాళ్ళకి, డబ్బు పుచ్చుకుని కారణం వెతికిపెట్టే కన్సల్టెంట్లు ఎటూ ఉన్నారు.

మన దేశంలో ఆ బెడద లేదు. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. "ఎందుకు" అన్నది సిలబస్‌లోనే లేదు. ఒకవేళ పెట్టినా నాలుగు ఆప్షన్లిస్తారు. అ) నాన్న చెప్పాడు. ఆ) నాన్న గట్టిగా చెప్పాడు. ఇ) ఎదురింటోళ్ళబ్బాయికి కాకినాడ రంగరాయలో సీటొచ్చింది. ఈ) పైవన్నీ. తప్పు గుర్తిస్తే ఒక మార్కు కోత.

ఆ ర్యాంకు కన్వీనర్ కోటా దాకా రాకపోతే అప్పుడు మన దగ్గరా వ్యాసం కావాలి. మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా అని దానికి వేరే కాగితాలుంటాయి. ఆ వ్యాసం నాన్నగారు రాస్తారు, అంకెల్లో. పొడవు ఎకరాల్లో కొలుస్తారు.

ఈ గోదావరి డెల్టాలోనే, భీమవరంలో, 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చేత "డాక్టరెందుకు" అన్న ఆ అమెరికా వ్యాసం రాయిస్తే ఏమయ్యేదో! మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకొచ్చి ప్రొఫెసరుగారి కోపం కొనితెచ్చుకుని, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ పట్టాతో బయటపడ్డారు. ఏ కన్సల్టెంటైనా ముందు ఈ రెండు సంగతులే కొట్టేసి, నదీతీరాన సూర్యోదయం ఒకటి చేర్చుండేవాడు. ఆయన దగ్గరున్న అసలు కారణం ఒక్క వాక్యానికి సరిపోతుంది: సోదరుణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. తర్వాత హార్వర్డ్ చేరారు. 1945 నాటికి లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. అదే స్ప్రూకి మందుగా పనికొచ్చింది.

అంచేత, వ్యాసం ఎంత పొడవుండాలని అడిగే తల్లిదండ్రులకి మనవి. 5,300 అన్నది గరిష్ఠమేనండి, నింపి తీరాల్సిన గాదె కాదు. కారణమంటూ ఉంటే సగంలోనే అయిపోతుంది. ఉందో లేదో తెలీకపోతే దిద్దడం ఆపి, ముందు పిల్లనే అడగండి. అడిగేటప్పుడు నాన్నగారు పక్కగదిలో ఉంటే మేలు.