స్వామి సగమే తాగుతాడు

మంగళగిరి కొండ మీద నరసింహస్వామిది ఖచ్చితమైన లెక్క. బిందెడు పానకం పోస్తే సగం గుటకేసి, సగం భక్తుడికే వదిలేస్తాడు. అందుకే ఆయన పానకాల స్వామి. కొండ కింద ఇంకో నోరుంది. దానికి గుడి లేదు, చట్టం ఉంది. పేరు సెస్సు.

1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల కోసం రెండు చట్టాలు చేసింది. ఒకటి బాగోగులు చూడటానికి, రెండోది అందుకు డబ్బు వసూలు చేయడానికి. రూపాయి పని జరిగితే పైసా సెస్సు. ఆ పైసా ప్రసవానికి, పిల్ల పెళ్ళికి, పరంజా మీంచి పడి చచ్చిపోతే ఇంటివాళ్ళకి అందాలి. మన రాష్ట్రంలో సంక్షేమ బోర్డు 2007లో వచ్చింది. ఇంతవరకూ పానకం తియ్యగానే ఉంది.

పొద్దున్నే ఆరున్నరకి కూలీల అడ్డా దగ్గరికి రండి. చేతిలో తాపీ, సంచిలో రసమట్టం, సైకిలుకి క్యారేజీ. బండి ఆగగానే పదిమంది మూగుతారు.

“ఏం బాబాయ్, కార్డుందా?”

“ఉండాది బాబూ. రెన్యువల్ అవలా. తొంభై రోజులు పనిచేసినట్టు రాయించుకు రమ్మన్నారు.”

“రాయించుకో మరి.”

“ఎవరి చేత? తొంభై రోజులూ తొంభై ఇళ్ళ కాడ చేశా!”

చట్టం రాసినవారు కూలీకి ఒక యజమాని ఉంటాడనుకున్నారు. అడ్డా కూలీకి ఉండేది యజమాని కాదు, ఆ పూటకి ఆగిన బండి.

ఇక మేస్త్రీ దగ్గరికెళ్దాం. పదిమంది పనిచేస్తేనే చట్టం వర్తిస్తుంది. అందుకే మా మేస్త్రీలకు తొమ్మిది దాకా ఎక్కాలు బాగా వచ్చు. “మొత్తం తొమ్మిదిమందేనండీ” అంటాడు. మరి ఆ గమేళా మోస్తున్న అమ్మాయి? “మా ఆవిడండీ, అన్నం తెచ్చింది.” స్లాబు రోజున ఇరవైమంది భార్యలు అన్నం తెస్తారు.

మేస్త్రీని ఒక్కడినే తిట్టి లాభం లేదు. సర్కారు పని చేస్తే సెస్సు బిల్లులోనే కోసేస్తారు. బిల్లు ఎప్పుడొస్తుందో ఆ స్వామికే ఎరుక. పై కాంట్రాక్టరు కింది కాంట్రాక్టరుకు బాకీ, కిందివాడు మేస్త్రీకి బాకీ, మేస్త్రీ కూలీకి బాకీ. కూలీ కింద ఎవరూ లేరు, అతను కిరాణా కొట్టుకు బాకీ.

1996 చట్టంలో అక్షరాలకు మాత్రం లోటు ఉండేది కాదు. తాగునీళ్ళ చోటుకూ మరుగుదొడ్డికీ 6 మీటర్ల ఎడం ఉండాలంది. నీళ్ళ దగ్గర ‘తాగునీరు’ అని ఎక్కువమంది కూలీలకు అర్థమయ్యే భాషలో రాయాలంది. ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్ళున్న సైటులో ఏ భాషలో రాయాలన్న చిక్కును మావాళ్ళు తేలిగ్గా తేల్చేశారు. నీళ్ళు పెట్టలేదు, రాసే బాధ తప్పింది. మరుగుదొడ్డి కట్టలేదు, కొలిచే బాధా తప్పింది. రక్షణ నిబంధన మీరితే శిక్షగా 2025 దాకా మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. ‘లేదా’ అన్న మాట మీదే కట్టడాలన్నీ నిలబడి ఉన్నాయి. రెండు వేలంటే కొన్ని బస్తాల సిమెంటు.

వసూలైన పానకం ఏమైంది? 2018 మార్చిలో సుప్రీంకోర్టు లెక్క తీసింది. దేశమంతటా వసూలైంది 37,400 కోట్లకు పైనే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. ఆ ఖర్చులో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా ఉన్నాయని తేలింది. రేకుల షెడ్డులో ఉండేవాడికి ఉతుక్కోవడానికి ఉన్న రెండో చొక్కా ఏదో కోర్టువారు అడగలేదు. మన దగ్గర పని ఇంకా తేలిగ్గా తేలింది. 1214 నంబరు సర్కారు మెమో ఒక్కటి చాలింది, బోర్డు పథకాలకు తాళం పడింది. అది రద్దు చేయమని ఎన్ని ధర్నాలు జరిగాయంటే, ఆధార్ నంబరు మర్చిపోయిన మేస్త్రీ కూడా ఆ నంబరు మర్చిపోడు.

పక్కనే అమరావతి. 2019లో రాజధాని పనులు ఆగాయి. టవర్ల పునాదుల్లో నీళ్ళు నిలిచాయి. ప్రభుత్వం మారాక 2024లో ఐఐటీ నిపుణులొచ్చి ఇనుముకు తుప్పెంత, కాంక్రీటుకు బలమెంత అని పరీక్షించారు. మంచిదే. ఆ ఇనుము వంచిన మనిషి ఐదేళ్ళు ఏం తిన్నాడని పరీక్షించే ఐఐటీ మాత్రం ఎక్కడా లేదు. కంపెనీకి ఒప్పందంలో నష్టపరిహారం క్లాజు ఉంటుంది, కూలీకి ఊరెళ్ళే రైలుంటుంది.

అంతలో కొత్త కార్మిక కోడ్‌లు దిగాయి. 2025 నవంబరు 21 నుంచి అమలు. 1970 నాటి కేంద్ర చట్టంలో 20 మంది కాంట్రాక్టు కూలీలుంటే లెక్కలోకి వచ్చేవారు, ఇప్పుడు 50 మంది ఉండాలి. అంటే మేస్త్రీలు ఇక నలభై తొమ్మిదో ఎక్కం కూడా నేర్చుకోవాలి. సొంతిల్లు కట్టుకుంటే సెస్సు మినహాయింపు 10 లక్షల దాకా ఉండేది, 50 లక్షలకు పెరిగింది. ఇన్‌స్పెక్టరు ఇకమీదట ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’, అంటే సాయపడేవాడు. ఎవరికన్నది అడగకండి, మర్యాద కాదు. అదే ఏడాది మన అసెంబ్లీ ఫ్యాక్టరీల్లో రోజు పనిని 10 గంటలకు పెంచింది. అడ్డాలో ఈ వార్త చదివి వినిపిస్తే బాబాయ్ బీడీ ఆర్పి అన్నాడు: “స్లాబు నాడు పదికే దిగొచ్చా? ఆ చట్టమేదో మాక్కూడా పెట్టించండయ్యా!”

మొత్తం మీద తేలేదేమంటే, సర్కారు బిల్లుల సెస్సు లెక్కలో ఇటుక కూడా తప్పించుకోదు. మనిషి లెక్కకొచ్చేసరికి పదికి ఒకడు తక్కువ, యాభైకి ఒకడు తక్కువ, తొంభై రోజులకు ఒక సంతకం తక్కువ.

గమేళా దించి చెంగుతో మొహం తుడుచుకుంటున్న పిన్నిని అడిగాను: “బోర్డుకి ఛైర్మన్‌గా ఎవరుంటే బావుంటుంది పిన్నీ?”

ఆమె కొండ వైపు చూసింది. “ఆయన్నే దిగి రమ్మను నాయనా. సగం తాగనీ, పర్లేదు. మిగతా సగం ఇచ్చేస్తాడుగా.”